మార్కర్ మామ కప్పు

బల్ల మీద బంతుల్ని కర్రతో కొట్టి పాకెట్లలో వేసే పూల్ ఆటలో మా హాల్లో నేను కింద నుంచి రెండోవాణ్ణి. అందరికన్నా కింద ఉన్నవాడు ఆడటం మానేశాడు కాబట్టి ఇప్పుడు ఆఖరివాణ్ణే. అలాంటి నన్ను టోర్నమెంట్ నడపమన్నారంటే కారణం ఒకటే. చీమకుర్తిలో ఒక గ్రానైట్ కంపెనీలో లెక్కలు రాస్తాను. "నువ్వు ఎట్టాగూ గెలవవు, లెక్కలన్నా చూడు" అన్నారు మా వాళ్ళు. కాదనడానికి నా దగ్గర పాయింటు లేదు.

ఒంగోలు కర్నూలు రోడ్డులో సెల్‌ఫోన్ షాపుల పైన, రెండో అంతస్తులో ఉంటుంది మా హాలు. రెండు పూల్ టేబుళ్ళు, ఒక పన్నెండడుగుల స్నూకర్ టేబులు, గోడకి ఒక నీళ్ళ కూలరు. ఇంకో ముఖ్యమైన మనిషి ఉండేవాడు, మార్కర్. బంతులు పేర్చి, స్కోరు చెప్పి, టేబుల్ బాగోగులు చూసుకునే మనిషిని బిలియర్డ్స్ క్లబ్బుల్లో మొదట్నుంచీ అలాగే అంటారు. ఆయన ఊళ్ళో పాత క్లబ్బులో కుర్రాడిగా చేరి, అది మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. మాకందరికీ మార్కర్ మామ. పోయిన ఏడాది కార్తీకంలో గుండెపోటు వచ్చింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, అంతే.

మామది మార్కాపురం వైపు. పలకల ఊరు కదా, చేతిలో ఎప్పుడూ ఒక పలక ఉండేది. గోడకి స్కోరు బోర్డు ఉన్నా పలక మీదే రాసేవాడు: ఎవరి తర్వాత ఎవరు, ఏ టేబుల్ ఎన్నింటికి మొదలైంది, ఎవరు ఎంత బాకీ. "బల్ల కింద ఉన్నదీ పలకరాయే, నా చేతిలో ఉన్నదీ పలకే, ఇంక నాకు బడి మానేసినట్టు ఎందుకనిపిస్తుందిరా?" అని నవ్వేవాడు. ఆ మాట నిజమే. మంచి టేబుల్‌కి గుడ్డ కింద చెక్క ఉండదు, స్లేటు రాయి ఉంటుంది. అరగదీస్తే నీటి మట్టంలా చదునుగా వస్తుంది, వాన గాలికి చెక్కలాగా ఉబ్బదు. అందుకే స్నూకర్ టేబుల్ టన్నుకు పైనే తూగుతుంది. దాన్ని రెండో అంతస్తుకి ఎలా ఎక్కించారన్నది మామ చెప్పే కథల్లో ఒకటి. చెప్పినప్పుడల్లా మోసినవాళ్ళ సంఖ్య ఇద్దరు ముగ్గురు పెరిగేది.

మా దగ్గర పద్ధతి, ఓడినవాడు టేబుల్ డబ్బు కట్టాలి. కాలేజీ పిల్లలకి గెలుస్తామన్న ధైర్యం ఉంటుంది గానీ ఓడితే కట్టడానికి జేబులో ఏమీ ఉండదు. "రాసుకో మామా" అంటే రాసుకునేవాడు. రాత్రి షట్టర్ దించే ముందు తడిగుడ్డతో పలక తుడిచేసేవాడు. దాంతో బాకీ కూడా తుడుచుకుపోయిందనే అందరి లెక్క. నేను మాత్రం ఎన్నడూ బాకీ పెట్టలేదు. ఎన్ని ఆటలు ఓడినా అక్కడికక్కడే కట్టేశాను. లెక్కలు రాసేవాడికి ఆ మాత్రం పట్టింపు ఉండాలి కదా.

కొడుకుని వెతుక్కుంటూ తండ్రులు హాల్లోకి వచ్చినప్పుడు మామని చూడాలి. వాళ్ళకి కుర్చీ వేసి, 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ బిలియర్డ్స్‌లో ప్రపంచ అమెచ్యూర్ ఛాంపియన్ అయ్యాడనీ, ఏ ఆటలోనైనా ఒక్కడిగా ఆడి మన దేశానికి ప్రపంచ టైటిల్ తెచ్చిన మొదటివాడు ఆయనేననీ మొదలుపెట్టేవాడు. స్నూకర్ పుట్టింది ఇంగ్లండులో కాదు, 1875లో మన జబల్‌పూర్‌లో, వానాకాలం పొద్దుపోని తెల్ల ఆఫీసర్ల దగ్గర అని ముగించేవాడు. ఈ లోపల ఆ కుర్రాడు వెనక మెట్ల మీదుగా జారుకునేవాడు. తండ్రికి విషయం అర్థమయ్యేటప్పటికి టీ కూడా వచ్చేసేది.

ఆయన పోయిన రోజు రాత్రే, ఊడ్చే కుర్రాడు పలక తుడిచేశాడు. చివరిసారి మామ చేత్తో రాసిన పేర్లు ఉంచుకుందామనుకున్న మాకు ఒళ్ళు మండిపోయింది. "రేపు పొద్దున జనం వస్తే ఎక్కడ రాయాలన్నా?" అన్నాడు వాడు. ఎవరం ఏమీ అనలేకపోయాం.

ఏడాది దగ్గరపడుతుంటే మామ పేరు మీద ఏదన్నా చెయ్యాలనుకున్నాం. అన్నదానం అన్నారు, రక్తదానం అన్నారు. చివరికి ఆయనకి తెలిసింది ఆటే గదా అని టోర్నమెంట్ దగ్గర ఆగాం. మొదటి తప్పు అక్కడే జరిగింది. ఇంగ్లీషు తేదీ చూసుకుని ఆ రోజే పెట్టేద్దామని అత్త దగ్గరికి వెళ్ళాం. మామ భార్యని అత్తా అనే పిలుస్తాం. తిథి ప్రకారం సంవత్సరీకం పదకొండు రోజులు ముందే వస్తుందట. "ఆ రోజు ఇంట్లో పిండం పెడతంటే అక్కడ మీరు బంతులు కొట్టుకుంటారా అబ్బయ్యా? అది కానియ్యండి, తర్వాత మీ ఇష్టం" అంది. అట్లా తిథి దాటాక వచ్చే శని, ఆదివారాలు ఖాయమయ్యాయి. ఫ్లెక్సీ మీద వెయ్యడానికి మామ అసలు పేరు ఏమిటో కూడా అప్పుడే అడగాల్సి వచ్చింది. హాల్లో ముగ్గుర్ని అడిగితే మూడు పేర్లు చెప్పారు మరి. అత్త పేరు చెప్పి, "కింద మార్కర్ అని కూడా వెయ్యండి, లేకపోతే ఎవురికి తెలస్తది" అంది.

ఫ్లెక్సీ వాడు "జ్ఞాపకార్ధం" అని కొట్టి పంపాడు. సంగతి కనిపెట్టింది హాల్లో అందరికన్నా పెద్దాయన, రిటైరైన తెలుగు మాస్టారు. "సగం జ్ఞాపకమేనా, మిగతా సగం ఎవరి దగ్గరుంది?" అన్నాడు. మళ్ళీ కొట్టించడానికి టైం లేదు. తెల్ల కాగితం మీద "ర్థం" అని రాసి అంటించాం. దూరం నుంచి చూస్తే కట్టు కట్టినట్టు ఉండేది.

డబ్బు బహుమతులు వద్దనుకున్నాం. ఇలాంటి హాళ్ళంటేనే జనానికి ఒక అనుమానం, పందేలు కాస్తారని. గెలిచినవాడికి మంచి క్యూ, అంటే ఆడే కర్ర, రెండోవాడికి దానికన్నా కాస్త చవకది. షీల్డు బదులు చీమకుర్తి గెలాక్సీ రాయి. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయే, అదే. మా యార్డులో పక్కన పడేసిన ముక్క ఒకటి అడిగితే ఇచ్చారు. పాలిష్ కూడా ఊరికే పట్టారు, అక్షరాలు చెక్కినందుకు మాత్రం ఆరొందలు తీసుకున్నారు. ఒత్తులు సరిగ్గా చెక్కారు. రాయి బరువు గురించి మాత్రం ఎవరం ఆలోచించలేదు.

ఎంట్రీ మూడొందలు. ఇరవై ఏడు మంది చేరారు. ఒంగోలు వాళ్ళు పదిహేను మంది, మిగతావాళ్ళు పొదిలి, కనిగిరి, సింగరాయకొండ, చీరాల నుంచి. ఇక్కడ నా లెక్కల పని మొదలైంది. ఒక్కసారి ఓడితే ఇంటికే అనే పద్ధతిలో ఎంతమంది ఉంటే అంతకు ఒకటి తక్కువ మ్యాచులు, అంటే ఇరవై ఆరు. రెండుసార్లు ఓడితేనే బయటికి అనే పద్ధతి పెడదామని ఒకడు పట్టుబట్టాడు. అప్పుడు యాభై దాటుతాయి. మాలాంటివాళ్ళు ఒక ఫ్రేమ్, అంటే ఒక ఆట, ఆడటానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. మూడు ఫ్రేముల్లో రెండు గెలవాలంటే మ్యాచ్‌కి నలభై నిమిషాలకు పైనే. రెండు టేబుళ్ళ మీద యాభై మ్యాచులంటే మూడో రోజు కూడా కావాలి. స్నూకర్ టేబుల్ మీద కూడా పూల్ ఆడిద్దామని ఇంకొకడి సలహా. పూల్ బంతి 57 మిల్లీమీటర్లు, స్నూకర్ బంతి 52న్నర. ఆ చిన్న పాకెట్ల దగ్గర కాస్త గురి తప్పినా పూల్ బంతి పెళ్ళికూతురు గుమ్మంలో ఆగినట్టు ఆగిపోతుంది. చూపిస్తే గానీ వాడు నమ్మలేదు.

కనిగిరి నుంచి వచ్చినవాడు అరగంటలో ఓడి బస్సెక్కితే మాత్రం బాగుండదు. మామ కూడా ఓడి వెళ్ళిపోతున్నవాణ్ణి "ఇంకోటి ఆడిపోరా" అని ఆపేవాడు. అందుకని మొదటి రౌండులో ఓడిన వాళ్ళందరికీ ఒక్కో ఫ్రేమ్‌తో చిన్న కప్పు పెట్టాం. ముప్పై రెండు గళ్ళ చార్టులో ఇరవై ఏడు పేర్లు వేస్తే ఐదుగురికి మొదటి రౌండు ఆడకుండానే బై వస్తుంది. ఓనరు మనవరాలి చేత ప్లాస్టిక్ డబ్బాలోంచి చీటీలు తీయించాం. మా హాల్లో అందరికన్నా బాగా ఆడేవాడికే మొదటి బై పడింది. గోల. చీటీ మడత వేరుగా ఉందన్నారు. ఆ పాపకి ఆరేళ్ళు, దానికి మడతలేం తెలుసు? చీటీలన్నీ ఒకే సైజులో చింపి మళ్ళీ తీయిస్తే మళ్ళీ వాడికే పడింది. ఇక ఎవరూ మాట్లాడలేదు.

రూల్సు ఇంకో పెద్ద కథ. పూల్‌లో మేము ఆడే ఎనిమిది బంతి ఆట అంతటా ఒకటే అనుకుంటాం. స్మాల్స్ 1 నుంచి 7, బిగ్స్ 9 నుంచి 15, నీవి అన్నీ వేశాక నల్ల 8. అక్కడి వరకే ఒకటి. తెల్లబంతి పాకెట్లో పడితే చీరాల వాళ్ళకి రెండు షాట్లు, మాకు గీత వెనక నుంచి, పొదిలి వాళ్ళకి టేబుల్ మీద ఎక్కడైనా. నల్లబంతి ఎదురు పాకెట్లోనే వెయ్యాలని కనిగిరి వాళ్ళ పట్టు. అంతర్జాతీయ రూలు ప్రకారం ఫౌల్ అయితే ఎదుటివాడు తెల్లబంతిని ఎక్కడైనా పెట్టుకోవచ్చు, నల్లది ఏ పాకెట్టో ముందే చెప్పి వెయ్యాలి. అదే ఖాయం చేసి, తెలుగులో రాసి రెండు గోడలకీ అంటించాం. చదివింది ఎవరో నాకు తెలియదు. వాదించడానికి మాత్రం అందరూ వచ్చారు.

టోర్నమెంటుకి నాలుగు రోజుల ముందు రెండో టేబుల్ మీద మెల్లగా వదిలిన బంతి ఎడమ మూలకి లాగుతోందని బయటపడింది. మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి పెట్టాం, బుడగ పక్కకి జరిగింది. మామ ఉండగా ఎప్పుడూ ఇలా లేదే అనుకుంటుంటే ఆ ఊడ్చే కుర్రాడే చెప్పాడు. "ఆ కాలు కింద మామ పేకముక్కలు పెట్టేవాడన్నా. మొన్న రంగులేసేటప్పుడు ఎవురో తీసేశారు." ఎన్ని ముక్కలో వాడికీ తెలియదు. రెండు పెడితే ఎడమకి, నాలుగు పెడితే కుడికి. మూడు. మూడు పేకముక్కలు పెట్టడానికి ఆరుగురం కలిసి టేబుల్ ఎత్తాం. ఆయన ఒక్కడే ఎలా పెట్టాడో ఆ దేవుడికే ఎరుక.

శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలవ్వాలి. పొద్దుట్నుంచి ముసురు. తేమకి గుడ్డ బరువెక్కి, మామూలు దెబ్బకి మూల దాకా పోవలసిన బంతి నడి బల్ల మీదే కూలబడుతోంది. మామ ఇలాంటి రోజు ఒకటికి రెండుసార్లు బంతులన్నీ తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచేవాడు. క్యూ కొసకి రుద్దే చాక్ పొడి అంటుకున్న తెల్లబంతి ఎదుటి బంతికి తగిలి వింతగా ఎగురుతుందని చెప్పేవాడు. మేము ఆ పని మర్చిపోయాం. రెండో మ్యాచ్‌లో తెల్లబంతి నిజంగానే ఎగిరింది.

సింగరాయకొండ కుర్రాడు రాలేదు. ఫోన్ చేస్తే "టంగుటూరు టోల్‌గేట్ దాటానన్నా" అన్నాడు. అరగంట తర్వాత చేసినా టోల్‌గేటే దాటుతున్నాడు. పది నిమిషాలు చూసి వాకోవర్, అంటే ఆడకుండానే ఎదుటివాడికి గెలుపు, ఇవ్వాలని రూలు రాసింది నేనే, నలభై నిమిషాలు ఆగిందీ నేనే. అలాంటి జాలి ఇంకో ఇద్దరి మీద కూడా చూపించేసరికి ఏడింటికి అయిపోవాల్సిన పదకొండు మ్యాచులు రాత్రి పదిన్నరకి తేలాయి. ఎవరన్నా ఇలాంటిది పెట్టే ఆలోచనలో ఉంటే చెబుతున్నా, పది నిమిషాలంటే పది నిమిషాలే.

చేసిన మంచి పని ఒకటుంది. ఓడినవాడు వెళ్ళిపోకుండా తర్వాతి మ్యాచ్‌కి మార్కర్‌గా నిలబడాలని పెట్టాం. ఓడినవాడు డబ్బు కట్టాలన్న పాత పద్ధతికి ఇది చెల్లెలు అనుకోండి. అప్పటిదాకా అరిచినవాళ్ళు కూడా బంతులు పేర్చే ఫ్రేమ్ చేతికి రాగానే మెత్తబడ్డారు. ఆదివారం పొద్దున ఒకాయన దర్శి నుంచి వచ్చి "నన్నొక్కణ్ణి రాసుకో అన్నా" అన్నాడు. చార్టు నిండింది, కుదరదన్నాను. మామ అయితే రాసుకునేవాడే. ఆయన అలిగి వెళ్ళలేదు. రోజంతా ఉండి రెండు టేబుళ్ళకీ బంతులు పేర్చాడు. నల్లబంతి నడిమధ్యన, వెనక మూలల్లో ఒకటి స్మాల్, ఒకటి బిగ్, సందు లేకుండా. ఆదివారం టైముకి నడిచిందంటే సగం ఆయన పుణ్యమే.

కార్తీక మాసం కాబట్టి భోజనం దగ్గర పేచీ లేదు. సగం మంది మాంసం ముట్టరు, వెజ్ పలావు, పెరుగు చట్నీ చెప్పేశాం. ఇద్దరు అయ్యప్ప మాలలో ఉన్నారు, వాళ్ళు భిక్ష చేసి మధ్యాహ్నం మళ్ళీ వచ్చారు. నల్ల బట్టలు, ఉత్తకాళ్ళు, నుదుట గంధం. వాళ్ళు మాల వేసుకున్నారు కాబట్టి అందరూ స్వామీ అనే పిలవాలి. "స్వామి తెల్లబంతి పాకెట్లో వేశాడు", "స్వామీ, ఫౌల్" అని వినిపిస్తుంటే కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగి చూసేవాళ్ళు. క్వార్టర్ ఫైనల్లో స్వాములిద్దరే ఎదురుపడ్డారు. అంత మర్యాదగా సాగిన మ్యాచ్ మా హాల్లో ఇంకోటి లేదు.

సెమీఫైనల్స్‌కి నన్ను మార్కర్‌గా నిలబెట్టారు. రాసుకోవాల్సింది ఇదే, రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను. చీరాల కుర్రాడికీ మా ఊరి బ్యాంకు ఉద్యోగికీ మ్యాచ్. చెరో ఫ్రేమ్. మూడోదాంట్లో చీరాల కుర్రాడు బిగ్స్. 11 కొట్టాలి, దాని పక్కనే వెంట్రుకవాసి దూరంలో స్మాల్ 3 ఉంది. ముందు 3కి తగిలితే ఫౌల్. అలాంటప్పుడు మార్కర్ రెండు బంతులూ విడివిడిగా కనబడే చోటికి జరిగి నిలబడాలి. మామ చేతులు వెనక్కి కట్టుకుని, ఆడేవాడి కంటికి అడ్డం రాకుండా ఎప్పుడు జరిగేవాడో తెలిసేది కాదు. నేనూ జరిగాను. సరిగ్గా అప్పుడు జేబులో ఫోన్ మోగింది. అత్తని తీసుకొస్తున్న ఆటో అతను, ఏ సందులోంచి రావాలని. చూపు ఫోన్ మీదికి పోయింది. టక్కుమని చప్పుడు. తల ఎత్తేసరికి 11 పాకెట్లో పడుతోంది.

"ముందు మూడుకి తగిలింది" అన్నాడు బ్యాంకాయన. "రెండూ ఒకేసారి" అన్నాడు కుర్రాడు. అందరూ నా వైపు. ఏది ముందో తేలనప్పుడు కొట్టినవాడికే వదిలెయ్యాలని రూలు. ఆ రూలు చూసి తేల్చలేనివాడికి, చూడనివాడికి కాదు. నేను గట్టిగా "గుడ్ షాట్" అన్నాను. గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే నాకే అనుమానం వేసింది. కుర్రాడు ఆ ఊపులో మిగతావి, నల్లదీ వేసి గెలిచాడు. బ్యాంకాయన చెయ్యి కలిపి, చెవి దగ్గరికి వంగి, "చూడలేదని చెప్పినా ఒప్పుకునేవాణ్ణి" అన్నాడు. ఏమీ అనకుండా స్కోరు రాశాను. మామ హాల్లో ఉన్నంతసేపూ ఫోన్ గల్లాపెట్టెలో పెట్టేవాడు. దాన్ని చాదస్తం అని ఎగతాళి చేసినవాళ్ళలో నేనొకణ్ణి.

ఫైనల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొదిలి నుంచి వచ్చిన వెల్డింగ్ షాపు అతను చీరాల కుర్రాణ్ణి 3-1 తో ఓడించాడు, మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. అత్త రాయి అందించింది, అల్లూరయ్య మైసూర్‌పాక్ పంచాం. ఆ వెల్డింగ్ అతను రాయిని గోనెసంచిలో చుట్టి, క్యూని చంకలో పెట్టి పొదిలి బస్సు కోసం పరిగెత్తాడు. "వచ్చే ఏడు గెలిచినా ఇంటికి తీసుకుపోను, ఇక్కడే పెట్టుకోండి" అని కిటికీలోంచి అరిచాడట.

ఇక లెక్కలు. ఎంట్రీలు 8,100. ఖర్చు 14,350. అందులో టేబుళ్ళ కింద ఓనరుకి ఇవ్వాల్సిన 4,000 ఆయన వద్దన్నాడు. తగ్గిన 2,250 ముగ్గురం తలా 750 వేసుకున్నాం. ఇదిగాక ఇంకో డబ్బు వచ్చింది, అది మేము అడిగింది కాదు. చందా ఇస్తారా అని గ్రూపులో ఎవరో ఒక్క మాట పెడితే, ఫోన్‌పేలో వచ్చిన ప్రతిదాని కిందా "చందా" అని లేదు, "బాకీ" అని ఉంది. వంద, మామ బాకీ. నూట యాభై, పాత బాకీ. హైదరాబాదులో ఇంజనీరు ఉద్యోగం చేసే మా క్లాస్‌మేట్ ఒకడు ఐదు వేలు పంపి "ఇంటర్ సెకండియర్ బాకీ" అని పెట్టాడు. మొత్తం 13,460. దీంట్లోంచి ఒక్క రూపాయి కూడా ఖర్చుకి వాడలేదు.

మంగళవారం సాయంత్రం కవర్లో పెట్టి అత్త దగ్గరికి తీసుకెళ్ళాను. చందా అనుకుని వెనక్కి నెట్టింది. చందా కాదత్తా, బాకీ అని ఫోన్లో మెసేజీలు చూపించాను. అప్పుడు లోపలికి వెళ్ళి అట్ట ఊడిన లాంగ్ నోటుబుక్ ఒకటి తెచ్చింది. పలక తుడిచే ముందు మామ అన్నీ అందులోకి ఎక్కించేవాడట. పిల్లల దగ్గర వసూలు కానిది రాత్రి తన జేబులోంచి ఓనరుకి కట్టి, ఇంటికొచ్చాక పక్కన చిన్న టిక్కు పెట్టుకునేవాడట. నాకు నోట మాట రాలేదు.

అత్త కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేరే చదవమంది. నేను చదువుతుంటే పుస్తకంలో వెతికి గీత కొట్టింది. ఇంజనీరు పేరు ముందు 340 ఉంది.

"ఐదు వేలు ఎందుకిచ్చాడు? మిగతాది తిరిగిచ్చెయ్."

"వడ్డీ అనుకో అత్తా."

"ఆయన వడ్డీ తీసుకునే మనిషా?" అంది. కాసేపు వాదించాక, వాళ్ళ అమ్మకి తను ఫోన్ చేసి మాట్లాడతానని దాన్ని పక్కన పెట్టింది. పుస్తకంలో లేనివాళ్ళు కూడా నలుగురు పంపారు. వాళ్ళవీ వేరేగా పెట్టింది.

అంతా అయ్యాక లేవబోతుంటే, "ఉండు" అని వెనక పేజీలు తిప్పింది. వేలు ఒకచోట ఆగింది. పుస్తకం నా వైపు తిప్పింది. మామ గుండ్రటి అక్షరాలు, నా ఇంటిపేరుతో సహా. రెండు ఫ్రేములు, అరవై రూపాయలు. పక్కన టిక్కు.

వంద నోటు ఇచ్చాను. కొంగు ముడి విప్పి, నలభై చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.